తొలివానకు లేచే తెల్ల రెక్కలు!

జూన్, జులైలలో ఒక్క గట్టి వాన పడితే చాలు... రాయదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ విత్తనాల మూటలు విప్పుతారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతోనే సరిపెట్టుకునే అనంతపురం జిల్లా మరి! అదే వాన కోసం నేల లోపల ఇంకో జీవి కూడా కాచుకుని ఉంటుంది. ఒకటీ రెండూ కాదు, దాదాపు పది నెలలుగా!

తడి తగలగానే రాత్రిళ్లు మట్టిలోంచి తెల్లటి రెక్కల పురుగులు బయటికొస్తాయి. వీధి దీపాల చుట్టూ మూగుతాయి. పిల్లలకు సరదా, రైతుకు గుండె దడ. ఎర్ర గొంగళి పురుగుకు తల్లులు అవే!

వీటిలో అక్కాచెల్లెళ్లలాంటి రెండు జాతులున్నాయి. ఒకటి అంసాక్టా అల్బిస్ట్రైగా, రెండోది అంసాక్టా మూరై. పక్కపక్కన పెడితే నిపుణులూ ఒక క్షణం ఆగాల్సిందే. రెండింటికీ ముందు రెక్కలు తెలుపే, వాటి మీద గోధుమరంగు చారలే. వెనక రెక్కల మీద నల్ల మచ్చలూ ఒకేలా ఉంటాయి. గుట్టంతా ముందు రెక్క పై అంచులో ఉంది. అక్కడి గీత పసుపుగా ఉంటే అల్బిస్ట్రైగా, ఎర్రగా ఉంటే మూరై. దక్షిణాదిన వేరుశనగను ఎక్కువగా పీడించేది పసుపు అంచుదే. ఎర్ర అంచుది రాజస్థాన్‌లో పేరుమోసిన దొంగ. అక్కడ 'కాత్రా' అంటారు. సజ్జ, పెసర... దేన్నీ వదలదు.

తల్లి పురుగు ఆకుల అడుగున గుంపులుగా వందల గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లోనే పిల్లలు బయటికొస్తాయి. మొదట్లో ఒకేచోట గుంపుగా ఉండి ఆకు మీది పచ్చదనాన్ని గీకుతాయి. ఆ ఆకును తుంచి నాశనం చేయడానికి అదే అదను. ఒంటినిండా ఎర్రటి నూగుతో రెండంగుళాలకు పెరిగాక ఏం చేసినా కష్టమే. ఒక చేను ఖాళీ చేసి, దండుగా పక్క చేలోకి నడుస్తాయి. అందుకే గట్ల వెంట కందకం తవ్వుతారు. అలసంద, ఆముదం మొక్కలను ఎరగా పెంచుతారు.

వాన పడ్డ రాత్రి చేల దగ్గర మంటలు వేస్తే తల్లి పురుగులు వచ్చి పడతాయి. ఒక్కరు వేస్తే లాభం తక్కువ, ఊరంతా వేయాలి. పక్క చేలో మిగిలిన పురుగు మన చేలోకి రాకుండా ఆగదు కదా!

ఎదిగిన పురుగులు గట్ల మీద, చెట్ల నీడన జానెడు లోతులోపు మట్టిలోకి దూరి నిద్రపోతాయి. వేసవి దుక్కి దున్నితే అవి పైకి తేలతాయి. మిగతా పని ఎండా, నాగలి వెంట నడిచే కాకులూ గోరింకలూ చూసుకుంటాయి.