జీతం లేని తొలిమెట్టు

ఏటా వేసవిలో అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు కళాశాల విద్యార్థులు తరలివస్తారు. కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాలలో కొన్ని వారాలపాటు శిక్షణ పొందడం వారి ఆశయం. ఫోన్లకు జవాబు చెప్పడం, ఓటర్ల ఉత్తరాలను వర్గీకరించడం, సందర్శకులకు కాపిటల్ భవనాన్ని చూపించడం, విచారణ సమావేశాల సారాంశం రాసి ఇవ్వడం — పనులు చిన్నవే. కాని శాసనం ఎలా రూపుదిద్దుకుంటుందో ఏ పాఠ్యగ్రంథమూ ఇంత దగ్గరగా చూపించలేదు. ఆ పరిచయాలే రేపటి ఉద్యోగానికి తొలిమెట్టు.

అయితే ఆ మెట్టెక్కే స్తోమత అందరికీ ఉండేది కాదు. చాలాకాలం అనేక కార్యాలయాలు చిల్లిగవ్వ అయినా ఇవ్వలేదు. అద్దెలు మండిపోయే ఆ నగరంలో బస, భోజనం, ప్రయాణం ఖర్చులన్నీ విద్యార్థివే. వేసవి సెలవుల్లో ఏదో పనిచేసి చదువుకు కూడబెట్టుకునే పేద విద్యార్థికి నష్టం రెండింతలు: చేతి ఖర్చూ తప్పదు, రావలసిన సంపాదనా పోతుంది. అలా తెలివితేటలకన్నా తల్లిదండ్రుల ఆదాయమే అర్హత అయింది.

విమర్శలు పెరగగా, 2018లో కాంగ్రెస్ ఈ వేతనాలకు ప్రత్యేక నిధులు కేటాయించింది. ప్రతినిధుల సభలో ఒక్కొక్క సభ్యుని కార్యాలయానికి తొలుత ఏడాదికి 20,000 డాలర్లు లభించాయి. శ్వేతసౌధంలో మాత్రం 2022 శరదృతువులో గాని వేతనం ఆరంభం కాలేదు. అప్పట్లో అది వారానికి 750 డాలర్లు.

ప్రజాస్వామ్యం నేర్పే బడికి ప్రవేశ రుసుము ఉండరాదన్న సత్యాన్ని చట్టాలు చేసే నగరమే అంత ఆలస్యంగా గుర్తించింది.