పని చిట్టా, కాన్పు చిట్టా ఎన్నడు కలుస్తయి?

కడుపు నిలువలేదంటే మన ఊర్లల్ల మొదాలు అడిగేది "ఏం తిన్నవ్, ఏం బరువు ఎత్తినవ్" అనే. ఏం పని చేస్తున్నవ్, ఆ పనిల ఏం పీలుస్తున్నవ్ అని అడిగేటోళ్లు తక్కువ. తప్పు మాత్రం ఆడమనిషి మీదికే వస్తది.

ఫిన్లాండ్‌ల గా ప్రశ్న అడిగిండ్రు. అక్కడ మనిషి మనిషికి ఒక నంబర్ ఉంటది. దవాఖాన రికార్డుల, కాన్పుల రికార్డుల అదే నంబర్. అది పట్టుకొని చిట్టాలన్ని జోడించొచ్చు. గిట్లనే దేశం రికార్డులకెల్లి 17 దవాఖానల నర్సుల గర్భాల వివరాలు తీసిండ్రు. కడుపు పోయిన ఒక్కో నర్సుకు, కాన్పయిన ముగ్గురిని జత పెట్టి చూసిండ్రు. మొదటి మూడు నెలలల్ల క్యాన్సర్ మందులతోని పనిచేసినోళ్లల్ల కడుపు పోయే ఆడ్స్ 2.3 రెట్లు ఉన్నట్టు 1985ల అచ్చేసిండ్రు. అయితే ఎవరు ఏ మందు ముట్టిండ్రో నర్సులనే అడిగి తెలుసుకున్నరు. ఉత్త రికార్డుతోని అది తేలేది కాదు.

ఇగ మన దిక్కు చూడుండ్రి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెలల్ల బీడీలు చేసే అక్కచెల్లెండ్లు కడుపుతోనున్నా చాట ఇడువరు. తంబాకు దుమ్ము ముక్కులకు వోతది, నికోటిన్ చర్మంల నుంచి సుత లోపలికి దిగుతది. కార్ఖానల పీఎఫ్ చిట్టా ఉంది. ఏఎన్ఎం దగ్గర గర్భిణుల రిజిస్టర్ ఉంది. ఒకదాని మొఖం ఒకటి చూడదు.

రెండు కలిపితే అయిపాయె అనుకోకుండ్రి. శాన ఇండ్లల్ల కార్డు అత్త పేరు మీదుంటది, బీడీలు కోడలు చేస్తది. నంబర్ పట్టుకొని జోడిస్తే తంబాకు అత్త లెక్కల పడుతది, పోయిన కడుపు కోడలు లెక్కల. తంబాకుతోని ఏం కాలేదని కంప్యూటర్ చెప్తది! ఇంట్లనే రెండో నెలల పోయిన కడుపులైతే శానమట్టుకు ఏ చిట్టాల ఎక్కవు.

ఇంకోటి, జోడించిన చిట్టా టేకేదారు చేతికి పోవద్దు. కడుపుతోనున్నదని ఆకు, తంబాకు ఇచ్చుడు బంద్ జేస్తే ఇల్లెట్ల గడుస్తది? పేర్లు తీసేసి, పరిశోధన చేసేటోళ్లకే ఇయ్యాలె.

తమ్ముండ్లు, చెల్లెండ్లు, ఈసారి ఏఎన్ఎం అక్క ఇంటికొస్తే బీడీలు ఎవరు చేస్తున్నరో, దినాం ఎన్ని గంటలు కూసుంటున్నరో చెప్పి రాపియ్యుండ్రి. రిజిస్టర్ల ఖానా లేకుంటే పక్కకైనా రాయమనుండ్రి.