పాప్ పాటలో సర్గమ్.. అరవకుండా పాడేదెలా?

ఖవ్వాలీ ఉస్తాద్ నుస్రత్ ఫతే అలీ ఖాన్ 1990లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి 'మస్త్ మస్త్' ఆల్బమ్ చేశారు. గిటార్, డ్రమ్ బీట్ కొత్తవి. సర్గమ్, తాన్ మాత్రం ఖవ్వాలీవే.

ఇలా పాడాలనుకునే పిల్లలు ముందు చేసే తప్పు అరవడం. పాప్‌లో శబ్దం పెంచే పని మైక్‌ది. పదాలను మాట్లాడినంత మామూలుగా పలికితే చాలు. పై స్వరాలకు వెళ్లేటప్పుడు ఛాతీలో అదురు తెలిసే బరువు గొంతును బలవంతంగా లాగొద్దు. తలలో మోగే తేలిక గొంతును కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి.

తాన్‌ను సరిగమలుగా విడదీసి నెమ్మదిగా రియాజ్ చేయాలి. ప్రతి స్వరం విడిగా వినిపించాకే వేగం పెంచాలి. పాప్ పాటలో తాన్ ఒకటి రెండు చోట్ల ఉంటేనే అందం.

నొప్పి వస్తే వెంటనే ఆపేయాలి. గొంతు బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాల్సిందే.