కూజా మొక్క అదే పనిగా పూస్తుంటే

మల్లెకైనా, మందారానికైనా పూల కోసమే కదా మనం నీళ్ళు పోస్తాం! కానీ ఇంట్లో కూజా మొక్క పెంచేవారి గోడు వేరు. "కాడ వెంట కాడ పూస్తోంది, కూజాలు మాత్రం రావడం లేదు" అంటారు. అలా ఎందుకు జరుగుతుందో, అప్పుడు ఏం చేయాలో ఇప్పుడు తెలుసుకుందాం.

మనం ముచ్చటపడి చూసే కూజా పువ్వు కాదు, ఆకులో భాగం. ఆకు కొన సన్నని తీగలా సాగి, దాని చివర కూజాగా మారి, పైన మూత ఏర్పడుతుంది. అందులో జారిపడిన చీమలు, పురుగులు జీర్ణమై మొక్కకు నత్రజనిని అందిస్తాయి. అసలు పూలు వేరే వస్తాయి. కొమ్మ కొస దగ్గర నిటారుగా ఒక కాడ లేచి, దాని నిండా పూసల్లాంటి మొగ్గలు తొడుగుతాయి. ఆ చిన్న పూలకు అందమూ తక్కువే, కొన్నిటికి వాసన కూడా ఇంపుగా ఉండదు.

ఈ కాడను పెంచి, వారాల తరబడి పూయించడానికి మొక్క చాలా సత్తువ ఖర్చు చేస్తుంది. బలమైన మొక్కకు ఒకటి రెండు కాడలు బరువు కావు. చిన్న మొక్క, ఈ మధ్యనే కుండీ మార్చిన మొక్క, వరుసగా పూస్తూ కొత్త ఆకులు చిన్నవైపోతున్న మొక్క అయితే కాడను తీసేయడమే మంచిది.

కాడ మూడు, నాలుగు అంగుళాలు పెరిగి, మొగ్గలు విచ్చుకోకముందే కత్తిరించండి. కత్తెరను ముందుగా స్పిరిట్‌తో తుడవండి. కాడ పక్కనే చుట్టచుట్టుకున్న లేత ఆకు ఉంటుంది. కొమ్మ ఇక మీదట పెరగవలసింది అక్కడినుంచే. దానికి దెబ్బ తగలనీయకండి.

బాగా సాగిన ముదురు కొమ్మలే ఎక్కువగా పూస్తాయి. వాటిని వానాకాలంలో, కింద రెండు మూడు ఆకులు ఉంచి కత్తిరిస్తే, కణుపుల నుంచి పిలకలు వస్తాయి. ఆ పిలకలు ముదిరేదాకా సాధారణంగా పూలు ఉండవు. కోసిన కొమ్మను ముక్కలు చేసి తడి కొబ్బరి పీచులో నాటితే కొత్త మొక్కలూ వస్తాయి.

అయితే కూజాలు రాని ప్రతిసారీ నేరం పూలమీద మోపకండి. ఆకు కొనన కూజా గింజంత ఉన్నప్పుడే గోధుమరంగుకు మారి ఎండిపోతుంటే, చాలాసార్లు కారణం పొడిగాలే. యానాం వంటి తీరప్రాంతంలో గాలిలో తేమ ఉంటుంది. బళ్ళారి ఎండల్లో ఆ తేమ ఎక్కడిది? కుండీ కింద పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, రాళ్ళు మునగకుండా నీళ్ళు ఉంచండి. నడి ఎండ తగలని, వెలుతురు బాగా ఉన్నచోట పెట్టండి. ఉప్పు శాతం ఎక్కువగా ఉన్న బోరు నీళ్ళు పోయకండి. వాన నీళ్ళు పట్టి ఉంచుకుంటే మేలు. మట్టిలో యూరియా వంటి ఎరువులు వేయవద్దు. వేళ్ళు దెబ్బతింటాయి.

చివరగా ఒక ముఖ్యమైన సంగతి. ఈ జాతిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ఒక్క మొక్కే ఉంటే ఎన్ని పూలు పూసినా గింజ కట్టదు. పూసలాంటి పసుపు పుప్పొడి ముద్ద ఉంటే మగ పువ్వు, మధ్యలో లావుపాటి ఆకుపచ్చ పిందె ఉంటే ఆడ పువ్వు. మన దేశంలో సహజంగా పెరిగే కూజా మొక్క నెపెంథిస్ ఖాసియానా ఒక్కటే. మేఘాలయ కొండల్లో ఉంటుంది. గారోలు దాన్ని దెయ్యాల బుట్ట అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. అడవినుంచి తవ్వి తేవడంవల్ల అది తగ్గిపోయింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. నర్సరీలో పెంచిన ఆ మొక్క మీ దగ్గర ఉండి, దానికి జతకాగల మొక్క తెలిసినవారింట్లో పూస్తుంటే, ఒక్క కాడను మాత్రం ఉంచండి. మెత్తని కుంచెతో పుప్పొడి అద్దితే గింజలు వస్తాయి. అవి ఎక్కువ కాలం నిలవ ఉండవు కనుక వెంటనే నాటండి. ఇంట్లో మొలిచిన ప్రతి మొక్కా అడవిలో ఒక మొక్కను మిగిల్చినట్టే.