వీధి కుక్కను దత్తత తీసుకున్నారా? గేటు దగ్గర జాగ్రత్త

వీధి కుక్కల దత్తతకు స్థానిక మున్సిపల్ సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖవాసులకైతే అది జీవీఎంసీ. అదే ఉత్తర్వులో ఇంకో మాట ఉంది: ఆ కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకెళ్లినవారిదే.

చాలామంది పొరబడేది ఇక్కడే. కొత్త ఇంట్లో అది బెదిరిపోయి ఉంటుంది. కుక్కర్ విజిల్ వేసినా, గేటు తెరిచి ఉన్నా పరుగు తీస్తుంది. తెలిసిన వీధిని వెతుక్కుంటూ ట్రాఫిక్‌లో పడుతుంది. వెనక్కి గుంజుకుంటే మెడపట్టీ తలలోంచి జారిపోతుంది. అందుకే మొదటి వారాల్లో ఛాతీకి కట్టే హార్నెస్ తప్పనిసరి. పట్టీపై మీ ఫోన్ నంబరు రాయించండి. బీచ్ రోడ్డు షికారు తర్వాత చూడొచ్చు.

చెవి కొసన కత్తిరింపు ఉంటే సాధారణంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. రేబిస్ టీకా కార్డు లేకపోతే మాత్రం మళ్లీ వేయించాల్సిందే. పిల్లకైతే మూడు నెలలకు తొలి డోసు, తర్వాత బూస్టర్.

మన ఉక్కపోతలో పిడుదుల బెడద ఎక్కువ. చెవుల్లో, కాలివేళ్ల మధ్య రోజూ చూడండి. తిండి మానేసి నీరసపడితే రక్తపరీక్ష చేయించాలి. మనం వేసుకునే జ్వరం మాత్ర మాత్రం వేయొద్దు, అది కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది.