గడువు దాటిన జవాబు

మన పెద్దదోర్నాలనుండి శ్రీశైలమునకు బోవు మార్గము నల్లమల యడవి గుండ సాగును. రాత్రివేళ వాహనములను లోనికి విడువక గేటు మూసివేయుదురు. గేటు పడిన యైదు నిమిషములకు వచ్చిన కారు ఎంత వేగముగ వచ్చినదైనను, తెల్లవారువరకు దోర్నాలలో నిలువవలసినదే. విద్యార్థులారా, నేను చెప్పబోవు విషయమునకు ఈ గేటే మొదటి పాఠము.

మా తరగతి బాలుడొకడు, “అయ్యా, రియల్‌టైమ్ కంప్యూటరనగా మిక్కిలి వేగముగ బనిచేయు కంప్యూటరేనా?” యని యడిగెను. కాదంటిని. పెద్ద చదువులు చదువువారు సైతము ఇక్కడ పొరబడుట కలదు. మన పాఠశాలలో మార్కులు కూడు కంప్యూటరు ఒక నిమిషము జాగు చేసినను మొత్తము తప్పు కాదు. రియల్‌టైమ్ వ్యవస్థలో నట్లు గాదు. జవాబు సరిగా నుండుటయే గాక, నిర్ణయించిన గడువులోపల రావలెను. గడువు దాటిన సరియైన జవాబు తప్పు జవాబుతో సమానము. తరచుగ ఒక మిల్లీసెకనులో పని ముగించి, ఎప్పుడో యొకమారు రెండు సెకనులు తీసికొను యంత్రముకంటె, ఎన్నడును పది మిల్లీసెకనులు దాటని నెమ్మది యంత్రమే యిచ్చట మేలు. కావున ఇంజనీర్లు సగటు కాలమును నమ్మరు; మిక్కిలి చెడ్డ సమయమున నెంత కాలము పట్టునో దానినే లెక్కింతురు.

మన రాష్ట్రములోని శ్రీహరికోటలో 2001 మార్చి 28న జరిగిన సంగతి చూడుడు. ఆనాడు జి.ఎస్.ఎల్.వి. యను రాకెట్టును మొట్టమొదట ప్రయోగింపబూనిరి. దాని నడుమ ఘన ఇంధనపు మోటారును, చుట్టును ద్రవ ఇంధనముతో నడచు నాలుగు ఇంజనులును గలవు. ఘన ఇంధనము ఒకసారి యంటుకొనెనా, దాని నార్పుట యెవరి తరమును గాదు. ద్రవ ఇంధనమైనచో కవాటము మూసి యాపవచ్చును. అందుచే నాలుగు ద్రవ ఇంజనులను నాలుగైదు సెకనులు ముందుగ వెలిగించి, వాని బలము చాలునో లేదో కంప్యూటరు పరీక్షించును. చాలిననే నడిమి మోటారునకు నిప్పు.

ఆనాడు ఇంజనులు వెలిగినవి, పొగ క్రమ్మెను, చూచువారు ఊపిరి బిగబట్టిరి. కాని యొక ఇంజనునకు కావలసిన బలము రాలేదు. రాకెట్టు లేచుటకు ఇంక సుమారొక సెకనే యుండగా కంప్యూటరు దాని కనిపెట్టి సర్వమును ఆపివేసెను. మనుష్యుడెవడైన నా అంకెను చదివి, యాలోచించి, మీట నొక్కునంతలో గడువు గడచిపోయెడిది. రాకెట్టు దక్కెను. ఏప్రిల్ 18న అదియే యాకాశమున కెగిరెను. (అది మోసికొనిపోయిన యుపగ్రహము తలచిన కక్ష్యను జేరలేదనుట నిజమే, అది వేరొక కథ.)

అన్ని గడువులును ఇంత కఠినములు గావు. వీడియో పిలుపులో ఒక బొమ్మ ఆలస్యమైనచో బంధువు ముఖము క్షణకాలము చెదరును, అంతే. కారులోని ఎయిర్‌బ్యాగు మాత్రము గుద్దుకొన్న కొన్ని పదుల మిల్లీసెకనులలో ఉబ్బి తీరవలెను; ఆ తరువాత ఉబ్బినను నిష్ప్రయోజనము.

ఒకే కంప్యూటరు పెక్కు పనులు చేయవలసినపుడు ఏది ముందు? తక్కువ వ్యవధిలో మరల మరల వచ్చు పనికి పెద్దపీట వేయుడని సి.ఎల్. లియు, జేమ్స్ లేలండ్ అను నిరువురు 1973లో జూపిరి. పనులు ఒకదానిపై నొకటి ఆధారపడనివై, అన్నియు గలిసి యంత్రపు కాలములో నూటికి 69 పాళ్లు మించకున్నచో, ఏ గడువును దప్పదని వారు గణితముతో నిరూపించిరి.

అయితే పనులు ఒకే వస్తువును పంచుకొన్నపుడు చిక్కు వచ్చును. ప్రయోగశాల తాళపుచెవి ప్యూను చేత నున్నది; ప్రధానోపాధ్యాయుడు దానికై వేచియున్నాడు; ఇంతలో గుమాస్తా ప్యూనును వేరొక పనిమీద బజారునకు బంపెను. గుమాస్తా కారణముగ ప్రధానోపాధ్యాయుడే నిలిచిపోయెను గదా! 1997లో అంగారక గ్రహముపై దిగిన పాత్‌ఫైండరు నౌకలో అచ్చముగ నిదే జరిగెను. వాతావరణపు లెక్కలు చూచు చిన్న పని తాళము పట్టుకొనియుండగా, నడితరగతి పని యడ్డు వచ్చెను. ముఖ్యమైన పని గడువు తప్పెను. అట్టి తప్పులను కనిపెట్టుటకై యుంచిన కాపలా యేర్పాటు, ఏమో కీడు మూడెనని, కంప్యూటరును మాటిమాటికి మొదటినుండి నడిపింపసాగెను. భూమిమీది ఇంజనీర్లు అట్టిదే మరియొక యంత్రముపై ఆ చిక్కును మరల రప్పించి కారణము బట్టుకొనిరి. పెద్ద పని వేచియున్నంతసేపు, తాళము పట్టుకొన్న చిన్న పనికి ఆ పెద్దదాని హోదా నిచ్చునట్లు సాఫ్టువేరులో చిన్న మార్పు చేసి, దానిని రేడియో ద్వారా అంగారకునకు బంపిరి. ఆ పిమ్మట ఆ యంత్రము తన పనిని సక్రమముగ జేసికొనెను.