కొత్త రంధ మిషన్ మొరాయిస్తోందా?
సొంతంగా విప్పకండి, ఫిర్యాదు కాగితం మీద పెట్టండి

పత్తి ఏరడం అయిపోయిందంటే కల్వకుర్తి చుట్టుపక్కల చెల్క రైతులకు చేతినిండా పని ఉండదు. బోరు ఉన్నవాళ్లు యాసంగి వేసుకుంటారు. లేనివాళ్లలో కొందరు పట్నం పోతారు, కొందరు తెలిసిన చేతిపని పట్టుకుంటారు. వడ్ల పని వచ్చిన సన్నకారు రైతులు దర్వాజలు, కిటికీలు, మంచాలు చేసి ఎండాకాలం గడుపుకుంటారు. చేతి రంధతో పొద్దంతా పట్టే పని మిషన్ మీద గంటలో అయిపోతుంది. అందుకే అప్పు చేసైనా మిషన్ కొనేవాళ్లు ఉన్నారు.

చిక్కు వచ్చేది కొన్న తర్వాతే. వారం తిరక్కముందే చెక్క వంకరగా వస్తుంది, మోటారు వేడెక్కుతుంది, బేరింగు మోగుతుంది. దుకాణానికి పోతే "మిషన్ల ఏం లేదన్నా, మీ ఊరి ఓల్టేజే సక్కగ లేదు" అంటారు. కంపెనీకి ఫోన్ చేస్తే దుకాణదారును అడగమంటారు. ఇద్దరి మధ్య తిరిగే సరికి వారంటీ కాలం కరిగిపోతుంది, అప్పు వాయిదా మాత్రం ఆగదు.

ఇలాంటప్పుడు చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, తెలిసిన మెకానిక్‌తో మిషన్ విప్పిస్తారు. రెండు, ఫిర్యాదు అంతా నోటి మాటతోనే చేస్తారు. ఈ రెండూ చేయకుండా ఉంటే మీ డబ్బు చాలావరకు భద్రమే. లోపం మిషన్‌దా, కరెంటుదా, బిగింపుదా అని ముందు మీరే తేల్చుకోవాలి. ఆ తర్వాత దాన్ని కాగితం మీద పెట్టాలి.

మిషన్ ఇంటికి వచ్చిన రోజు

బిల్లు లేకుండా మిషన్ దింపుకోకండి. బిల్లు మీద మిషన్ మోడలు, సీరియల్ నంబరు, మోటారు ఎన్ని హార్స్ పవర్, దుకాణం జీఎస్టీ నంబరు ఉండాలి. మోటారుకు రాగి చుట్టు అని నోటితో చెప్పి అల్యూమినియం చుట్టు అంటగట్టేవాళ్లు ఉంటారు. కాబట్టి "కాపర్ వైండింగ్" అని బిల్లు మీదే రాయించండి. వారంటీ కార్డు మీద తేదీ, దుకాణం ముద్ర వేయించుకోండి. బ్లేడ్లకు, బెల్టుకు వారంటీ సాధారణంగా వర్తించదు. ఏవి వర్తిస్తాయో అప్పుడే చదివించుకోండి.

పెట్టె విప్పేటప్పుడు సెల్‌ఫోన్‌లో వీడియో తీయండి. దారిలో పలక పగిలినా, కాలు వంగినా అది మీ చేతిలో జరగలేదనడానికి అదే సాక్ష్యం. మోటారు మీది ప్లేటును దగ్గరగా ఫోటో తీసుకోండి. బిల్లులో రాసిన హార్స్ పవర్, ప్లేటు మీద ఉన్నది ఒకటేనా అని చూడండి.

ఒక ముందు జాగ్రత్త. రంధ పట్టడం వేరు, దుంగలు కోయడం వేరు. దుంగలు కోసే సామిల్లుకు అటవీ శాఖ లైసెన్సు కావాలి. రంపం కూడా ఉన్న పెద్ద మిషన్ కొనే ఆలోచన ఉంటే ముందుగా ఫారెస్టు రేంజ్ ఆఫీసులో అడిగి కొనండి.

నడిపే ముందు చూడవలసినవి

మిషన్‌ను మట్టి నేల మీద పెట్టి నడపకండి. కాలు కింద కాలు ఊగితే ఎంత మంచి మిషన్ అయినా అదురుతుంది. గచ్చు మీద పెట్టి, మట్టం చూసి, బోల్టులు బిగించాలి. తుప్పు పట్టకుండా పలకల మీద పూసిన గ్రీజును కిరసనాయిలు గుడ్డతో తుడవాలి.

ఇప్పుడు ప్లగ్గు తీసేసి, బెల్టు విప్పి, బ్లేడ్లు బిగించిన ఇరుసును చేత్తో మెల్లగా తిప్పండి. వేళ్లు బ్లేడు అంచుకు తగలకుండా పుల్లీ పట్టుకుని తిప్పాలి. గరగరమన్నా, ఒకచోట పట్టేసినా బేరింగులో తేడా ఉన్నట్టే. పైకి కిందికి ఆడించినప్పుడు ఇరుసు కదలకూడదు.

తర్వాత తిన్నని ఇనుప పట్టీని పలక మీద పొడవునా, అడ్డంగా, మూలనుంచి మూలకు పెట్టి చూడండి. పట్టీ కింద నుంచి వెలుతురు కనిపిస్తే పలక సమంగా లేదని అర్థం. ఇది బిగింపుతో సరిపోయేది కాదు. పోత పోసినప్పుడో, చదును చేసినప్పుడో జరిగిన లోపం.

చెక్కే చెబుతుంది

బాగా ఆరిన టేకు చెక్కతో మొదటి పరీక్ష చేయండి. పచ్చి వేప, పచ్చి తుమ్మ పెడితే నార లేచి వస్తుంది, దానికి మిషన్‌ను తప్పు పట్టలేం. చెక్క గీతలకు ఎదురుగా తోసినా పెచ్చులు లేస్తాయి. తిప్పి పెట్టి చూడండి.

చెక్క చివర నాలుగు వేళ్ల మేర గుంట పడుతుంటే, వెనుక పలక బ్లేడు అంచు కంటే కిందికి ఉన్నట్టు. చెక్క ముందు కొస వెనుక పలకకు తట్టుకుని ఆగుతుంటే పలక మీదికి ఉన్నట్టు. ఈ రెండూ సర్దుబాటు లోపాలు. మిషన్‌తో ఇచ్చిన పుస్తకం చూసి, లేదా దుకాణం మనిషితో సరిచేయించుకోవచ్చు. పుస్తకంలో చెప్పిన సర్దుబాటు చేసుకుంటే వారంటీకి భంగం లేదు. సీలు ఉన్నచోట మాత్రం ముట్టుకోవద్దు.

చెక్క పొడవునా సన్నని గట్టులాంటి గీత వస్తే బ్లేడు అంచు విరిగింది. అడ్డంగా వరుస అలలు వస్తే ఒక బ్లేడు మిగతావాటికంటే పైకి ఉండి, కోత అంతా అదొక్కటే చేస్తోంది. బ్లేడ్లు సమంగా బిగిస్తే ఇది పోతుంది. బిగించినా మళ్లీ మళ్లీ జారుతుంటే బ్లేడు గాడిలోనే తప్పుంది.

పలకలు సరిగా ఉన్నాయో లేదో తేల్చే సులువైన పరీక్ష ఒకటి ఉంది. గజం పొడవు చెక్కలు రెండు తీసుకుని, అంచులకు రంధ పట్టి, ఒక అంచు మీద ఇంకో అంచు నిలబెట్టి వెలుతురుకు చూడండి. నడుమ సందు కనిపిస్తే అంచు లోపలికి పోయింది. కొసల దగ్గర కనిపిస్తే నడుమ ఉబ్బింది. వెనుక పలక సర్దిన తర్వాత కూడా మూడుసార్లు ఇదే ఫలితం వస్తే లోపం మిషన్‌దే. ఆ చెక్కలను పారేయకండి. తేదీ రాసి అటక మీద పెట్టండి.

ఓల్టేజి మాట నిజమేనా?

దుకాణదారు మొదట చెప్పే మాట ఓల్టేజి. కొన్నిసార్లు అది నిజం కూడా. అందుకే ఆ మాటకు జవాబు మీ దగ్గర ముందే ఉండాలి.

ఇంటి కరెంటు 230 వోల్టులు. దానికి 6 శాతం అటూ ఇటూ, అంటే సుమారు 216 నుంచి 244 వోల్టుల వరకు ఉండవచ్చు. మల్టీమీటరుతో మిషన్ ఆగి ఉన్నప్పుడు ఒకసారి, చెక్క కోస్తున్నప్పుడు ఒకసారి కొలిపించండి. మీటరు పెట్టడం తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే ఈ పని చేయించాలి. మెయిన్ దగ్గరే తక్కువగా ఉంటే విద్యుత్ సంస్థకు 1912 నంబరులో ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. మెయిన్ దగ్గర సరిగా ఉండి మిషన్ దగ్గర పడిపోతుంటే లోపం మీ తీగది.

లెక్క చూడండి. సింగిల్ ఫేజ్ 2 హార్స్ పవర్ మోటారు సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటుంది. మెయిన్ నుంచి 50 మీటర్ల దూరం 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ లాగితే 18 నుంచి 20 వోల్టులు తీగలోనే పోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే పోయేది 7, 8 వోల్టులే. మోటారు ఎత్తుకునే క్షణంలో ఇంకా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కనుక నష్టం కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. సన్న తీగతో నడిపి మోటారు కాలితే తప్పు మన మీదికే వస్తుంది.

బోరు లైను ఉంది కదా అని రంధ మిషన్‌ను దానికి తగిలించకండి. వ్యవసాయానికి ఇచ్చిన కరెంటును వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద జరిమానా లెక్క కడతారు. పైగా రేపు ఫిర్యాదు చేసినప్పుడు అవతలివాళ్లకు మీరే సాకు ఇచ్చినట్టవుతుంది.

త్రీ ఫేజ్ మోటారు ఎదురు తిరిగితే అది లోపం కాదు. రెండు ఫేజులు మార్చి కలిపితే సరిపోతుంది. ఎలక్ట్రీషియన్ సరిచేసేదాకా నడపకూడదు.

తీగ, ఓల్టేజి, బిగింపు అన్నీ సరిగా ఉండి కూడా అరగంటలో బేరింగు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, అదురు తగ్గకపోయినా మిషన్ ఆపేయండి. అదిరే బ్లేడు వేళ్లు తీసేస్తుంది. వారంటీ ఉంది కదా అని నెట్టుకు రావద్దు.

ఫిర్యాదు ఎలా రాయాలి?

ఫోన్‌లో చెప్పింది గాలికి పోతుంది. ఒక తెల్ల కాగితం మీద ఇలా రాస్తే చాలు:

"ఫలానా తేదీన ఫలానా బిల్లు నంబరుతో మీ దగ్గర ఈ సీరియల్ నంబరు గల మిషన్ కొన్నాను. ఫలానా తేదీ నుంచి ఈ లోపాలు కనిపిస్తున్నాయి. మిషన్ దగ్గర కొలిచిన ఓల్టేజి ఇంత. ఫోటోలు జతచేశాను. 15 రోజుల్లో మనిషిని పంపి బాగుచేయాలి, లేదా మార్చి ఇవ్వాలి, లేదా డబ్బు వాపసు చేయాలి."

ఒక ప్రతి దుకాణానికి, ఒక ప్రతి కంపెనీకి పంపండి. 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కంపెనీ మనిషి వచ్చి చూసిపోతే ఏం చూశాడో, ఏం మార్చాడో కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. ఆయన వచ్చేదాకా మిషన్‌ను విప్పించకండి.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు కింద అచ్చు వేసి ఉంటుంది. దాన్ని చూసి వెనక్కి తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే.

సంపాదన కోసం కొన్నా వినియోగదారుడే

"ఇది వ్యాపారానికి కొన్న మిషన్, నీకు వినియోగదారుల చట్టం వర్తించదు" అని కొందరు భయపెడతారు. ఇందులో సగమే నిజం. ఇలాంటి మిషన్ తగాదాయే 1995లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ అనే సంస్థ తాను కొన్న లేత్ యంత్రం ఆలస్యంగా వచ్చిందని, లోపాలున్నాయని ఫిర్యాదు చేసింది. పెద్ద ఎత్తున వ్యాపారానికి కొన్నదని కోర్టు ఆ సంస్థ వాదన ఒప్పుకోలేదు. కానీ అదే తీర్పులో చిన్నవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి చెప్పింది. బతుకుతెరువు కోసం లేత్ కానీ ఇంకో యంత్రం కానీ కొని తానే నడుపుకునే మనిషి వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హక్కు పోదు. ఇప్పటి చట్టంలోనూ స్వయం ఉపాధికి ఈ రక్షణ ఉంది. అందుకే ఫిర్యాదులో "ఈ మిషన్ నేనే నడుపుకుని కుటుంబాన్ని పోషించుకుంటున్నాను" అన్న వాక్యం తప్పకుండా రాయండి.

2012లో నాసిరకం విత్తనాల కేసులో మన రైతులు జాతీయ విత్తన సంస్థ మీద సుప్రీంకోర్టులో గెలిచారు. విత్తనం కొని పండించుకునే రైతు కూడా వినియోగదారుడేనని కోర్టు తేల్చింది. విత్తనమంతా భూమిలో వేశాక రైతు శాంపిలు ఎక్కడినుంచి తెస్తాడన్నది ఆ కేసులో వచ్చిన ప్రశ్న. మిషన్ విషయంలో ఆ ఇబ్బంది లేదు. సాక్ష్యం మీ కొట్టంలోనే ఉంది. విప్పి పాడు చేసుకోకపోతే చాలు.

ఎక్కడికి పోవాలి?

ఉత్తరానికి జవాబు రాకపోతే ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. చాలా తగాదాలు అక్కడే తెగుతాయి. ఆన్‌లైన్‌లో కొన్న మిషన్ అయితే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

అప్పటికీ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మిషన్ హైదరాబాద్‌లో కొన్నా, అది రాజ్‌కోట్‌లోనో కోయంబత్తూరులోనో తయారైనా మీరు అంత దూరం పోనవసరం లేదు. మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేసే హక్కు 2020 జూలై నుంచి వచ్చింది. మీ మండలం ఏ కమిషన్ కిందికి వస్తుందో 1915లోనే చెబుతారు. 5 లక్షల రూపాయల వరకు ధర ఉన్న సరుకుకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. లోపం బయటపడిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి.

అవతలివాళ్లు 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పరీక్ష అవసరమైతే కమిషన్ సరుకును ప్రయోగశాలకు పంపిస్తుంది. ఆ పరీక్ష ఫీజు మొదట మీరే కట్టాలి. తీర్పు మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో ఇవ్వాలని చట్టం చెబుతుంది. ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు కూడా. అంతవరకు అప్పు వాయిదాలు ఆపకండి. మిషన్ చెడిపోయిందన్న కారణం బ్యాంకుకు చెల్లదు.

చివరగా ఒక్క మాట. బిల్లు, వారంటీ కార్డు, ఫోటోలు, పోస్టు రసీదు, తేదీ రాసిన ఆ రెండు చెక్క ముక్కలు అన్నీ ఒకచోట ఉంచండి. పాసు పుస్తకం ఎంత భద్రంగా పెడతారో వీటినీ అంతే భద్రంగా పెట్టండి. రేపు స్ప్రేయరు కొన్నా, గడ్డి కోసే మిషన్ కొన్నా, బోరు మోటారు కొన్నా ఇదే పద్ధతి పనికొస్తుంది.